పాని ఉన్న ఇంజను

నేను కాపురానికి వచ్చిన ఏడాదే కోరాపుట్ జిల్లా కూడా మద్రాసు నుంచి ఒరిస్సాకి కాపురం మార్చింది. అది 1936. మా వారి పేరు వరాహనరసింహం. మా రోజుల్లో భార్యలు భర్త పేరు చెప్పేవాళ్ళు కాదు, ఇప్పుడు ఆయన లేరు గనక చెబుతున్నాను. జయపురం ఎస్టేటు అడవి ఆఫీసులో ఆయన గుమాస్తా. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే జవాను వచ్చి ఎదురుగా నిలబడి "పాని నాయ్ బాబు" అన్నాడట. పని లేకపోతే ఇంటికి పొమ్మన్నారు ఈయన. కుండలో నీళ్ళు లేవని చెప్పడానికి వచ్చిన ఆ జవాను, అడక్కుండానే సెలవు దొరికిందనుకుని చక్కగా వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా ఆఫీసులో ఎవరికీ గుక్కెడు నీళ్ళు లేవు.

పాని అంటే ఇక్కడి దేశియా మాటలో నీళ్ళు. మనకి పని అంటే పని. ఈ ఒక్క దీర్ఘం దగ్గర కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు అందరూ ఒకసారి బోల్తా పడతారు, తర్వాత జన్మంతా చెప్పుకుని నవ్వుకుంటారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇరవై ఏళ్ళ తర్వాత అదే మాట నా బండిని పొట్టంగి కొండదారి ఘాటీలో నిలబెట్టింది. అప్పుడు నవ్వడానికి మాకు తీరిక లేదు.

బండి గురించి చెబితే అసిరయ్య గురించి చెప్పినట్టే. అతనిది గుణుపురం దగ్గర పల్లె. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ వరి పండించుకుంటున్న కుటుంబం. అన్నదమ్ములు ముగ్గురికీ ఆ పొలం చాలక ఇతను యుద్ధంలో మిలిటరీ డ్రైవరుగా చేరాడు. బర్మా సరిహద్దులో లారీలు తోలాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు. 1946లో తిరిగొచ్చాడు. ఆ ఏడే మా వారు విశాఖపట్నంలో మిలిటరీ సామాను వేలం వేస్తుంటే ఒక పాత పికప్పు కొన్నారు. దాన్ని ఘాటీ ఎక్కించి కోరాపుట్ దాకా తెచ్చేవాడు కావలసి వచ్చింది. అలా బండితో పాటు అసిరయ్య కూడా మా పెరట్లోకి వచ్చి ఉండిపోయాడు. పెళ్ళాం పుణ్యవతిని తర్వాత తెచ్చుకున్నాడు.

1952లో జమీందారీల రద్దుతో ఎస్టేటు పోయింది. మరుసటి ఏడు మా వారు పోయారు. ఎస్టేటు పోయిందన్న బెంగతో పోయారని బంధువులు అంటారు. నేను మలేరియాతో పోయారంటాను, ఎందుకంటే పక్కన కూర్చుని చూసినదాన్ని నేను. మిగిలింది ఈ బండి, దాని పర్మిట్టు. కోరాపుట్ నుంచి సిమిలిగూడ, పొట్టంగి మీదుగా సాలూరు దాకా సరుకు తోలుకోవచ్చని ఆ కాగితం. దిగేటప్పుడు అల్లం, చింతపండు, అడ్డాకులు. ఎక్కేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు డబ్బాలు. అదే నా పొయ్యి కిందకి కట్టె, అసిరయ్య పొయ్యి కిందకి కూడా.

విధవ మనిషి లారీ వ్యాపారం ఏమిటని మా బంధువుల్లో చాలామంది మూతులు విరిచారు. వాళ్ళలో ఒక్కరూ నెలకి కుంచెడు బియ్యం పంపలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు. అయితే నా మడి నాది. సరుకు బేరం చూసుకోవడానికి బండిలో వెళ్ళేదాన్ని. మా వారున్న రోజుల నుంచీ డ్రైవరుకి ఎడం పక్క సీటు నాది, ఒళ్ళో నా మరచెంబు. బయట పచ్చి మంచినీళ్ళు ముట్టేదాన్ని కాదు. రేడియేటరు వేడెక్కి అసిరయ్య నీళ్ళడిగితే, అతను డబ్బా పట్టుకుంటాడు, నేను జానెడు ఎత్తు నుంచి వంపేదాన్ని. చెంబు డబ్బాకి తగిలేది కాదు. పదేళ్ళలో ఒక్కసారి కూడా తగల్లేదు. ఇద్దరికీ అది అలవాటే, ఎవరమూ ఏమీ అనుకోలేదు.

అసిరయ్య దగ్గర జానెడున్నర టేకు పుల్ల ఒకటి ఉండేది. చేతి చెమటకి నల్లబడి నున్నగా తేలింది. ఇంజను నడుస్తుండగా ఒక కొస దాని మీద ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకుని వినేవాడు. ఫలానా చోట బేరింగు అరిగిందనో, ఫలానా వాల్వు బిగుసుకుందనో చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. కోరాపుట్‌లో బస్సుల వాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఎప్పుడూ ఎడం చెవికే పెట్టుకునేవాడు, నేనది అలవాటు అనుకున్నాను. బండికి కుడి పక్కన ఒకటి చాలేచోట రెండు అద్దాలు బిగించాడు. అదేం సోకని ఎగతాళి చేశాను. మనిషి కళ్ళ ముందు తిరుగుతుంటే మనం చూస్తున్నామనే అనుకుంటాం.

1957 ఫిబ్రవరిలో, సాలూరు నుంచి ఉప్పు బస్తాలతో ఎక్కి వస్తుండగా పొట్టంగి ఇంకా రెండు మైళ్ళుందనగా ఇంజనులో పెద్ద చప్పుడైంది. లోపల పిస్టను రాడ్డు విరిగి, ఇంజను పక్కగోడకి చిల్లు పొడుచుకుని బయటికొచ్చింది. రోడ్డంతా ఆయిలు. అసిరయ్య బ్రేకు మీద నిలబడ్డాడు, నేను దిగి చక్రం కింద రాయి పెట్టాను. అతను దిగి బానెట్టెత్తి చూశాడు. ఆ చిల్లులోంచి లోపలికి పిడికిలి దూరుతుంది. అతుకు వేసే గాయం కాదు. ఇంకో ఇంజను కావాల్సిందే. బండిని ఇంకో లారీకి కట్టి కోరాపుట్ దాకా లాగించుకొచ్చాం.

అసలు చిక్కు తేదీతో వచ్చింది. ఏటా బండిని తనిఖీకి చూపించాలి. ఆ ఏడు మార్చి 30 ఆఖరు రోజు. ఆ రోజుకి బండి తన కాళ్ళ మీద నడిచి కోరాపుట్‌లో ఇన్‌స్పెక్టరు ముందు నిలబడకపోతే పర్మిట్టు రద్దు. ఆ దారి పర్మిట్టు కోసం ఇంకో ముగ్గురు దరఖాస్తులు పెట్టుకుని కూర్చున్నారు. ఒకసారి పోతే నాకు తిరిగి రాదు. ఆ సంగతి అసిరయ్యకి నేను చెప్పక్కర్లేదు, తేదీ అతనే నాకు గుర్తు చేస్తూ వచ్చాడు.

మా బండి లాంటి అమెరికా లారీల ఇంజన్లు చుట్టుపక్కల రెండే ఉన్నాయని వాకబులో తేలింది. వేరే రకం ఇంజను పెడితే దాన్ని నిలబెట్టే దిమ్మలు మార్చాలి, గేరుబాక్సుకి కుదరదు, అంత టైము లేదు. మొదటిది రాయగడలో మన్మథరావు గారి రంపం మిల్లులో ఉంది. ఆయన దాన్ని లారీ నుంచి దింపి ఎనిమిదేళ్ళుగా రంపం తిప్పిస్తున్నాడు. మేం వెళ్ళేసరికి చక్కగా నడుస్తోంది. నాకైతే ముచ్చటేసింది. అసిరయ్య పుల్ల పెట్టి విని, పెదవి విరిచి, నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. బేరింగులు అరిగిపోయాయన్నాడు. రంపం ఒకే తీరుగా తిప్పుతుంది గనక బయటపడట్లేదట, ఘాటీలో గేరు మార్చి లాగితే నెల్లాళ్ళు ఉండదట. మన్మథరావు గారికి కోపమొచ్చింది. ఎనిమిదేళ్ళు ఒక్క మాట పడని ఇంజను అన్నాడు. అసిరయ్య చెప్పింది నిజమేనని తర్వాత వానాకాలంలో తెలిసింది, ఆ ఇంజను రంపం మధ్యలో ఉండగానే పట్టేసింది.

రెండోది బోరిగుమ్మలో, ఒక వడ్ల మిల్లు వెనక రేకుల కింద. లారీ ఛాసిస్ విరిగితే ఇంజను ఒక్కటే దింపి ఉంచారు. యజమాని జయపురంలో ఉంటాడు, ధరకి ఒప్పుకున్నాడు. అక్కడ ఉన్నది కాపలా మనిషి లక్ష్మణ. దేశియా మాట్లాడే మనిషి, పరజా తెగవాడు, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఇంజనుకి బ్యాటరీ లేదు, పెట్రోలు లేదు, నడిపి చూసే వీల్లేదు. అసిరయ్య హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పాడు. ఆరు సిలిండర్లలోనూ బిగువు ఉందన్నాడు, మొహం వెలిగింది. వంగి అడుగున ఆయిలు తొట్టె బిరడా విప్పబోతూ స్పానరు తగిలించాడు. అప్పుడే లక్ష్మణ, మేం తెలుగువాళ్ళమని మర్యాదకి తెలుగులో చెప్పాడు.

"బాబు, ఈ ఇంజన్ల పాని ఉంది."

అసిరయ్య తల ఊపి, "ఉంటాది, ఉంటాది" అన్నాడు. స్పానరు తీసి సంచిలో వేసేశాడు.

నేను నాలుగు అడుగుల దూరంలో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు పాని అనే వినబడింది, నీళ్ళనే అర్థమైంది. రేకుల కింద వాన నీరేదో చేరి ఉంటుంది, అతనికి తెలిసే తల ఊపాడు, పని అతనిది, నేనెందుకు వేలు పెట్టడం అనుకున్నాను. నన్ను నేను తిట్టుకోవలసిన చోట్లు జీవితంలో చాలా ఉన్నాయి, ఇది వాటిలో ముందు వరస. లక్ష్మణ ఇంకోసారి ఇంజనుకి అటు పక్కగా వచ్చి దేశియాలో కూడా ఏదో అన్నాడు. అసిరయ్య బదులు చెప్పకుండా తాళ్ళు సర్దుకున్నాడు. ముసలాయన నా వైపు చూశాడు. నేను కూడా తల ఊపాను.

ఇంజనుని అద్దె లారీలో కోరాపుట్ తెచ్చాం. మా పెరట్లో అసిరయ్య మూడు దూలాలు నిలబెట్టి పైన కలిపి కట్టి, రోడ్ల శాఖ వాళ్ళని బతిమాలి తెచ్చిన చైను కప్పీ వేలాడదీశాడు. పాత ఇంజను ఒక పూటలో పైకి లేచి పక్కకి దిగింది. కొత్తది దింపడానికి రెండు రోజులు పట్టింది. ఇంజనుని గేరుబాక్సు మొహానికి సరిగ్గా ఆనించాలి, లోపలి పళ్ళు ఒకదానిలో ఒకటి దూరాలి. ఒక గింజంత వంకరున్నా దూరవు. అసిరయ్య కింద వెల్లకిలా పడుకుని "ఇంకొంచెం", "సాలు" అంటూ చెయ్యెత్తి చూపించేవాడు, నేను గొలుసు లాగేదాన్ని. మడి బట్ట మీద గ్రీజు పడింది. ఇంజను కింద పెట్టే రబ్బరు దిమ్మలు అరిగిపోతే పాత లారీ టైరు కోసి పెట్టాడు. క్లచ్చి పలక మార్చాడు, రేడియేటరు గొట్టాలు మార్చాడు.

మార్చి 26న సాయంత్రం స్టార్టయింది. మొదటి తిప్పుకే అందుకుంది. నేను కొబ్బరికాయ కొట్టాను. పుణ్యవతి వచ్చి చేతులు జోడించి నిలబడింది. అసిరయ్య టేకు పుల్ల పెట్టుకుని చాలాసేపు విన్నాడు, ఒకసారి కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాడు. బాగుందన్నాడు. గొంతులో మామూలుగా ఉండే ధీమా లేదు, కానీ అలసట అనుకున్నాను.

మర్నాడు ఘాటీలో తోలి చూద్దామని బయల్దేరాం. సిమిలిగూడ దాకా పెళ్ళికూతురిలా నడిచింది. పొట్టంగి ఎక్కుడులో వేడెక్కింది. వెనక గొట్టంలోంచి తెల్లగా ఆవిరి. ఆపి, రేడియేటరు మూత తీస్తే నీళ్ళు సగం లేవు, ఎక్కడా కారిన తడి లేదు. అసిరయ్య ఆయిలు చూసే పుల్ల బయటికి లాగాడు. దానికి అంటుకున్నది ఆయిలు కాదు, చిలికిన మజ్జిగ. ఇంజను లోపల ఎక్కడో పగులుంది, నీళ్ళు ఆయిల్లోకి దిగిపోతున్నాయి. ఆ మాట అతను చెప్పకముందే నాకు లక్ష్మణ గుర్తొచ్చాడు.

"పాని ఉందని ఆ ముసలాయన చెప్పాడు కదా అసిరయ్యా. నువ్వు తల కూడా ఊపావు."

అతను నా వైపు తెల్లబోయి చూశాడు. "పని ఉందన్నాడనుకున్నానమ్మా. పాత ఇంజన్లో పని ఉండకపోద్దా, నాను సూసుకుంతానులే అనుకున్నాను."

నాకు ముందు నవ్వొచ్చింది. మా వారూ, ఆ జవానూ గుర్తొచ్చారు. సరే, అందరూ పడ్డ గోతిలోనే ఇతనూ పడ్డాడు అనుకున్నాను. అతను కూడా నవ్వబోయాడు, ఆ నవ్వు పట్టుకుని గట్టెక్కుదామన్నట్టు. ఆ తొందర నాకు నచ్చలేదు. అసిరయ్య ఈ ఊళ్ళలో పదకొండేళ్ళుగా దేశియాలోనే బేరాలాడుతున్న మనిషి, సంతలో నాకే అతను అర్థం చెప్పేవాడు. పైగా లక్ష్మణ రెండోసారి అన్న మాట ఇప్పుడు నాకు పూర్తిగా గుర్తొచ్చింది. "తేల్‌నే పాని ఆచె." ఆయిల్లో నీళ్ళున్నాయి అని. అందులో పనికి చోటు లేదు. తెలిసినవాడు ఎవడూ దాన్ని ఇంకోలా వినడు. అప్పుడు లక్ష్మణ నిలబడింది అసిరయ్యకి కుడి పక్కన.

అసిరయ్య బానెట్టు మీదకి వంగి గుడ్డతో ఏదో తుడుస్తున్నాడు. నేను నెమ్మదిగా నడిచి అతని కుడి పక్కకి వెళ్ళి నిలబడ్డాను. మామూలు గొంతుతోనే అన్నాను, "అసిరయ్యా, నీ చొక్కాకి నిప్పంటుకుంది."

తుడుస్తూనే ఉన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోరు ఎలాంటిదో ఎరిగినవాళ్ళకి ఆ తర్వాత అన్నవి చెప్పక్కర్లేదు. ఎడం పక్కకి వచ్చి, వినబడేలా అన్నీ అన్నాను. చెవిటివాణ్ణి నమ్మి ఘాటీల్లో పదేళ్ళు ప్రాణం పెట్టానన్నాను. పర్మిట్టు పోతే ఆ పాపం నీదే అన్నాను. అతను గుడ్డ మడత పెట్టుకుంటూ అంతా విన్నాడు. తర్వాత చెప్పాడు. బర్మా దగ్గర పక్కన బాంబు పడ్డప్పుడే కుడి చెవి పోయిందట. మిలిటరీ వాళ్ళకి కూడా చెప్పలేదట, చెబితే బండి ఇవ్వరని. అద్దాలు రెండు బిగించింది వెనక నుంచి వచ్చే హారన్లు వినబడవని. ఇంతకాలం ఎడం చెవి కాపాడింది, రెండేళ్ళుగా అదీ మూసుకుపోతోందట.

"మీకాడ దాసడం తప్పేనమ్మా," అన్నాడు. "గానీ మీరెప్పుడూ నా ఎడం పక్కనే కదేటి కూసుంతారు. మీ మాటొక్కటీ నాకు పోనేదు."

ఆ మాట నిజమే. నిజం కాబట్టి ఇంకా కోపమొచ్చింది. దారి పొడుగునా వాగు కనబడ్డ చోటల్లా ఆపి, నీళ్ళు పోసుకుంటూ, మనిషి నడిచే వేగంతో వెనక్కి వచ్చాం. వాగులు లేని చోట మరచెంబులో నీళ్ళు వంపాను, మామూలు కంటే ఇంకో జానెడు ఎత్తు నుంచి. తనిఖీ అయ్యాక వేరే డ్రైవరుని చూసుకోవాలని సీట్లో కూర్చునే నిర్ణయించుకున్నాను. నోరు విప్పి చెప్పలేదు, కానీ అతనికి తెలిసిపోయిందని నాకు తెలుసు.

మర్నాడు తెల్లవారకముందే పెరట్లో స్పానర్ల చప్పుడు వినబడింది. నేను రమ్మనలేదు, వద్దనలేదు. అసిరయ్య ఇంజను పైభాగం, హెడ్డంటారు, అది విప్పి కింద పెట్టాడు. ఆరు పిస్టన్లలో అయిదింటి నెత్తిన మసి పట్టి ఉంది. మూడోది మాత్రం తోమిన గిన్నెలా ఉంది, నీటి ఆవిరి కడిగేసింది. పగులు ఆ మూడో సిలిండరు దగ్గరే. కింది గోడకి ఉంటే మన పని అయిపోయినట్టే, పై హెడ్డులో ఉంటే ఒక దారుందన్నాడు. ఆ దారేమిటో చెప్పలేదు. కిరసనాయిలుతో రెండింటినీ కడిగి, గుడ్డతో తుడిచి, మా ఇంటి సున్నం పొడి పల్చగా చల్లాడు. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు సున్నంలోకి ఊరి గీత కనబడుతుందట. ఇద్దరం గొంతుక్కూర్చుని చూశాం. కింది గోడ తెల్లగా అలాగే ఉంది. హెడ్డు మీద, రెండు వాల్వుల మధ్య, వెంట్రుక లాంటి నల్ల గీత నెమ్మదిగా పైకి తేలింది.

అప్పుడు లేచి, పెరటి మూల పడి ఉన్న మా పాత ఇంజను దగ్గరికి వెళ్ళాడు. దానికి చిల్లు పడింది పక్కగోడకి. హెడ్డు చెక్కుచెదరలేదు. అదే అతను చెప్పిన దారి. దాన్ని విప్పి, అదే సున్నం పరీక్ష దానికీ చేసి, కొత్త ఇంజను మీద కూర్చోబెట్టాడు. హెడ్డు కింద పరిచే రాగి రేకు, గాస్కెట్టంటారు, అది కొత్తది దొరకలేదు. పాతదాన్నే నా కుంపట్లో ఎర్రగా కాల్చి, మెత్తబరిచి వాడాడు. మజ్జిగైన ఆయిలంతా పారబోసి మూడుసార్లు కడిగాడు. ఈ రెండు రోజుల్లో మేం మాట్లాడుకున్నవి అవసరమైన మాటలే. నేను ఎడం పక్క నిలబడి మాట్లాడేదాన్ని. అతను ప్రతిసారీ కొంచెం తల దించుకునేవాడు.

30వ తేదీ శనివారం. తనిఖీ మధ్యాహ్నం పన్నెండు దాకానే. పది దాటాక ఇంజను స్టార్టయింది. నీళ్ళు నిలిచాయి, ఆయిలు ఆయిల్లాగే ఉంది. కానీ లోపల ఎక్కడో టక్కుటక్కుమని ఒక చప్పుడు. అది పై వాల్వు చప్పుడైతే పట్టించుకోనక్కర్లేదు, దారిలోనే సర్దుకుంటుంది. కింద రాడ్డు చప్పుడైతే, ఇన్‌స్పెక్టరు గుట్ట ఎక్కించమనగానే అది కూడా గోడ పొడుచుకుని బయటికొస్తుంది. అప్పుడు ఇంజనూ పోతుంది, పర్మిట్టూ పోతుంది. అసిరయ్య టేకు పుల్ల తీసి ఎడం చెవికి పెట్టుకున్నాడు. తీసేశాడు. నా వైపు ఒకసారి చూసి, ఆ పుల్ల కొసని పళ్ళతో కరిచి పట్టుకుని ఇంజను మీదకి వంగాడు.

పళ్ళతో వినడం నేను ఎప్పుడూ చూడలేదు. రెండేళ్ళుగా ఎవరూ లేనప్పుడు అలాగే వింటున్నాడని తర్వాత పుణ్యవతి చెప్పింది. ఒక చోట పెట్టి, ఇంకో చోట పెట్టి, మళ్ళీ మొదటి చోటికి వచ్చాడు. అయిదు నిమిషాలయ్యాక లేచాడు.

"కింద ఏటీ నేదనే అనిపిస్తందమ్మా. గానీ నా మాట నానే నమ్మలేకపోతన్నాను," అన్నాడు. "మీరొకపాలి సూడండి."

నాకేం తెలుసు ఇంజన్ల గురించి అన్నాను. తెలియక్కర్లేదు, పైన ఎంత వినబడుతోందో కింద అంత వినబడుతోందా లేదా, అదొక్కటి చెప్పమన్నాడు. నేను పుల్ల తీసుకుని చెవికి ఆనించాను. ఇంజను, ఫ్యాను, పక్కింటి కుక్క, రోడ్డు మీద బస్సు, అన్నీ కలిసి గోలగోలగా ఉంది. ఏమీ తేల్చలేకపోయాను.

"సెవితో కాదమ్మా," అన్నాడు అసిరయ్య. "సెవికి ఊరంతా ఇనబడతాది. పళ్ళకి అదొక్కటే ఇనబడతాది."

అని, తను ఏమన్నాడో అప్పుడు తెలిసినట్టు ఆగిపోయాడు. గబగబా భుజం మీద తువ్వాలు తీసి, పుల్ల ఇలా ఇమ్మని చెయ్యి చాచాడు. కడిగి తెస్తానన్నాడు. లేకపోతే కొత్త పుల్ల చెక్కుతానన్నాడు. పుల్ల కొస ఇంకా తడిగానే ఉంది, అతని పంటి గాట్లు కనబడుతున్నాయి. నేను పరాయి లోటాలో నీళ్ళు తాగని మనిషిని. అతను పదేళ్ళు నా చెంబు కింద డబ్బా పట్టుకుని, ఒక్కసారి కూడా తగలనివ్వని మనిషి. ఆ చాచిన చెయ్యి చూస్తే నాకు సిగ్గేసింది. నా సిగ్గు ఇంజను గురించి కాదు.

పుల్ల కరిచి వంగాను.

ముందు పళ్ళు జివ్వుమన్నాయి. తర్వాత ఊరు మాయమైంది. కుక్క లేదు, బస్సు లేదు. నా తలకాయ లోపలే ఇంజను నడుస్తోంది. పైన పెట్టిన చోట టక్కుటక్కు పలచగా, స్పష్టంగా ఉంది. అసిరయ్య వేలుతో చూపించిన చోటల్లా కిందకి జరిపాను. మొదటిది, రెండోది, మూడోది, ఆరు చోట్లా. కింద నున్నటి ఒకే తీరు రొద తప్ప ఏమీ లేదు. పదకొండేళ్ళు ఈ బండిలో తిరిగి, దాని లోపల ఏముందో నేను వినడం అదే మొదలు. ఇతను ఇంతకాలం ఇది వింటున్నాడు, తన చెవులు పోతుంటే కూడా దీన్ని పోనివ్వకుండా పళ్ళతో పట్టుకుని ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పుల్ల నోట్లో ఉండగా ఏడవడం కుదరదు గనక ఆగింది.

లేచి, అతని ఎడం పక్కకి వచ్చి, "కింద ఏమీ లేదు అసిరయ్యా. పైదే," అన్నాను.

"పైదేనా?"

"పైదే. బండి తియ్యి."

పదకొండున్నరకి ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాం. ఆయన బ్రేకులు చూశాడు, దీపాలు చూశాడు, జైలు పక్క ఎక్కుడు మీదకి తోలమన్నాడు. తోలేటప్పుడు ఎడం పక్క సీట్లో కూర్చుని అసిరయ్యని ఏవో అడిగాడు, అన్నింటికీ సమాధానాలొచ్చాయి. దిగాక కుడి పక్కకి వచ్చి, ఇంజను ఎవరు బిగించారని ఒడియాలో అడిగాడు. అసిరయ్య ఎదురుగా రోడ్డు చూస్తూ ఉన్నాడు. నేను ఎడం పక్క నుంచి, అసిరయ్యకి వినబడేంత గట్టిగా, ఇతనే బిగించాడని చెప్పాను. కాగితం మీద ముద్ర పడింది.

వేరే డ్రైవరుని చూసుకోలేదు. మరో మూడేళ్ళు అతనే తోలాడు, సరుకున్నా లేకపోయినా ఆ సీట్లో నేనుండాల్సిందేనని నేను పట్టుబట్టాను. ఏ హారను ఎటు నుంచి వస్తోందో చెప్పడం నా పని. 1960లో ఎడం చెవి కూడా పోయింది, స్టీరింగు వదిలేశాడు. అప్పటికి జిల్లాలో కొత్త రోడ్ల పనులొచ్చి లారీలు పెరిగాయి. డ్రైవర్లు మా పెరట్లోకి బండ్లు తెచ్చి, మాట్లాడకుండా బానెట్టు ఎత్తి నిలబడేవాళ్ళు. అతను పుల్ల కరిచి విని, రోగం ఎక్కడో వేలుతో చూపించేవాడు. నిరుడు జ్వరంతో పోయాడు. పుల్ల పుణ్యవతి నాకిచ్చింది, మరచెంబు పక్కనే పెట్టుకున్నాను.

ఆ శనివారం తనిఖీ నుంచి వస్తుంటే ఎండకి ఇద్దరికీ దాహమేసింది. మరచెంబు మూత తీసి నేను తాగాను, తర్వాత అతనికి చెంబే ఇచ్చాను. అతను బండి పక్కకి ఆపి, రెండు చేతులతో అందుకుని, ఎత్తి పట్టి తాగాడు. ఇంటికి వచ్చి స్నానం చేశాను, దేవుడికి దీపం పెట్టాను, పళ్ళూ పాలూ తీసుకుని పడుకున్నాను. పుల్ల కరిచాక నోరు పుక్కిలించలేదన్న సంగతి మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది.